గని కన్నా ముందు కాగితం

చీపురుపల్లిలో రైతులు, విద్యార్థుల సమావేశంలో ఒక భూగర్భ శాస్త్రవేత్త చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, పొలం పని ఆపుకుని వచ్చిన రైతులకు, ముందు వరసల్లో కూర్చున్న ఐటీఐ, డిగ్రీ పిల్లలకు.

భాస్వరం ఉండే ఫాస్ఫేటు రాతి నిక్షేపాల కోసం కంపెనీలు వాటాలు కలుపుకుని ఎలా వెతుకుతాయో చెప్పమన్నారు. దాంతోపాటు ఒక చీటీ ఇచ్చారు. అందులో రెండు ప్రశ్నలున్నాయి. మన వైపు ఫాస్ఫేటు ఉందా? ఉంటే ఎవరికి లాభం? మొదటి ప్రశ్నకి జవాబు రాయి చెప్తుంది. రెండోదానికి ఒప్పందం కాగితం చెప్తుంది. నేను రాళ్ల మనిషిని. అయినా ఇవాళ కాగితం గురించి గట్టిగా మాట్లాడాలని వచ్చాను. ఎందుకంటే రాయి ఎక్కడికీ పోదు, వందేళ్ల తర్వాత చూసినా అక్కడే ఉంటుంది. కాగితం మీద సంతకం పడితే మాత్రం మళ్లీ వెనక్కి రాదు.

ముందు ఎరువు బస్తా దగ్గర మొదలుపెడతాను. డీఏపీ బస్తా మీద 18-46 అని ఉంటుంది. 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం. ఫాస్ఫరస్ పెంటాక్సైడు లెక్కలో చెప్పే అంకె అది. అంటే 50 కిలోల బస్తాలో 23 కిలోలు. నత్రజనిని గాలిలోంచి తీయొచ్చు, యూరియా ఫ్యాక్టరీలు చేసే పని అదే. భాస్వరం గాలిలో లేదు. భూమిలోంచి రాయిగా తవ్వి తీయాల్సిందే. దాని బదులు ఇంకొకటి వేస్తే మొక్క ఒప్పుకోదు. ఆకుమడిలో వేరు కట్టాలన్నా, నాట్లయ్యాక పిలక తొడగాలన్నా, గింజ గట్టిపడాలన్నా అది ఉండాలి.

మన దేశం ఏడాదికి దాదాపు కోటి టన్నుల డీఏపీ వాడుతుంది. అందులో సగానికి పైగా తయారైన ఎరువుగానే ఓడల్లో దిగుతుంది. మిగతాది ఇక్కడ తయారైనా, దానికి కావలసిన రాయి, ఫాస్ఫారికామ్లం చాలావరకు బయటినుంచే వస్తాయి. విశాఖలో కోరమాండల్ కర్మాగారం 1967 నుంచి నడుస్తోంది. మీ ఇళ్లలో వాడే గ్రోమోర్ బస్తా అక్కడిదే. దానికి కావలసిన రాయీ సముద్రం దాటే వస్తుంది. దేశంలో చెప్పుకోదగ్గ పెద్ద గని రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర ఝామర్‌కోట్రా. 1968లో దొరికింది. మధ్యప్రదేశ్‌లో ఝాబువా, హీరాపూర్ ఉన్నాయి. ఇవన్నీ కలిపినా మన అవసరంలో చిన్న ముక్క. ప్రపంచంలో తెలిసిన ఫాస్ఫేటు నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో చేతిలోనే ఉన్నాయి. 2021 నుంచి చైనా తన ఫాస్ఫేటు ఎరువుల ఎగుమతులు బిగించింది. అక్కడ బిగిస్తే ఇక్కడ రైతు సేవా కేంద్రం ముందు వరస పెరుగుతుంది. డీఏపీ దొరక్క ఇరవై-ఇరవై ఎరువు బస్తా పట్టుకుని ఇంటికెళ్లినవాళ్లు ఈ సభలోనే ఉండి ఉంటారు.

అందుకే 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో భాస్వరం కూడా చేరింది. లిథియం, కోబాల్టు, వాటి పక్కన భాస్వరం. వెతకడం తప్పు అని నేను అనను. వెతకాలి, గట్టిగా వెతకాలి.

సరే, మన వైపు ఉందా?

ఈ ప్రశ్న అడగడానికి చీపురుపల్లి కంటే మంచి చోటు లేదు. మీ పక్కనే గర్భాం, గరివిడి, కోడూరు. 1890లలో మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఈ విజయనగరం నేలమీదే. ఆ ఖనిజానికి మొదటినుంచీ ఒక పేరుంది. భాస్వరం ఎక్కువ అని. ఉక్కులోకి భాస్వరం పోతే ఉక్కు పెళుసు అవుతుంది. చలికి విరుగుతుంది. కాబట్టి కొనేవాడు ధర తగ్గిస్తాడు, లేదా భాస్వరం తక్కువున్న ఖనిజంతో కలిపి వాడుకుంటాడు. శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారంలో పనిచేసిన పెద్దలు ఈ మాట నాకన్నా బాగా చెప్పగలరు.

ఆ భాస్వరం ఎక్కడినుంచి వచ్చింది? లూయిస్ ఫెర్మర్ అని జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఇంగ్లీషు ఆయన దేశంలోని మాంగనీసు గనులన్నీ తిరిగి 1909లో పెద్ద గ్రంథం అచ్చువేశాడు. మీ కోడూరు దగ్గర చూసిన ఒక రాతికి ఆ ఊరి పేరే పెట్టాడు. కోడురైటు. ప్రపంచంలో ఎక్కడ భూగర్భశాస్త్రం చదివినవాడికైనా ఆ పేరు పుస్తకంలో కనిపిస్తుంది. ఆ రాతిలో ఏముంది? పొటాషు ఫెల్డ్‌స్పారు, ఒక రకం గార్నెటు, వాటితో పాటు ఆపటైటు. ఆపటైటు అంటే కాల్షియం ఫాస్ఫేటు. డీఏపీకి తల్లి ఖనిజం. ఉక్కువాడు తిట్టుకున్నది, రైతు డబ్బు పెట్టి కొంటున్నది ఒకటే పదార్థం. నూరేళ్లకు పైగా మనం దాన్ని దోషంగా లెక్క కట్టాం. దాన్ని సరుకుగా ఎంత ఉందో కూడా కొలవాలి కదా అని నా బాధ. నేను కోడూరులో ఫాస్ఫేటు గని ఉందని చెప్పడం లేదు. రాతిలో కొద్దిగా ఉండటం వేరు, గనిగా ఉండటం వేరు. పాత గనుల పక్కన పోసిన గుట్టలున్నాయి. కొత్తగా తవ్వకుండానే వాటిలో నమూనాలు తీసి పరీక్ష చేయించవచ్చు. ఖర్చు తక్కువ, ఎవరి పొలమూ పాడవదు. వెతుకులాట అక్కడినుంచి మొదలవ్వాలని నా అభిప్రాయం.

అసలు ఆపటైటుకి పేరున్న చోటు ఇంకొకటి ఉంది. ఎస్.కోట నుంచి అరకు ఘాటెక్కే దారిలో కాశీపట్నం, అనంతగిరి మండలం. ఇనుప రాయి మాగ్నటైటు, వేడిచేస్తే పొంగే వర్మిక్యులైటు, వాటితో కలిసి ఆపటైటు ఉంటాయి. తూర్పు కనుమల పాత రాళ్లలోకి పట్టీలుగా చొచ్చుకుని ఉంటాయి. ఇవే మూడు ఖనిజాలు కలిసి ఉన్న చోటు దక్షిణాఫ్రికాలో ఫాలబోర్వా. అక్కడ 1950ల నుంచి ఫాస్ఫేటు తవ్వుతున్నారు. పది శాతం కూడా భాస్వరం లేని రాతిని పిండిచేసి, నురగతో తేల్చే పద్ధతిలో 36 శాతం దాటిస్తారు. అక్కడ తవ్వే ఫాస్కోర్ కంపెనీలో మన కోరమాండల్‌కి కొంత వాటా ఉంది. అంటే మన కొండలో ఉన్న ఖనిజాల కుటుంబమే, వేరే ఖండంలో తవ్వితే, మన రేవుకు సరుకవుతోంది.

మరి కాశీపట్నం ఇంకో ఫాలబోర్వా ఎందుకు కాలేదు? పరిమాణం. అక్కడ రాతి దేహమే ఫాస్ఫేటుతో నిండి కిలోమీటర్ల మేర ఉంది. ఇక్కడ పట్టీలు. పట్టీ కొంత దూరం లావుగా వెళ్తుంది, సన్నబడుతుంది, తెగిపోతుంది. పట్టీని చూసి గని అని చెప్పేవాడి మాట నమ్మకండి. పట్టీని చూసి ఏమీ లేదనేవాడి మాట కూడా నమ్మకండి. ఆ రెండింటి మధ్య చేసే పనినే అన్వేషణ అంటాం.

శ్రీకాకుళం తీరం ఇసకలో మోనజైటు అనే ఖనిజం ఉంది, అదీ ఫాస్ఫేటే కదా అని ఈ మధ్య పిల్లలు అడుగుతున్నారు. నిజమే. గార మండలం వైపు నల్ల ఇసకలో గార్నెటు, ఇల్మనైటుతో పాటు అదీ ఉంది. కానీ అందులో థోరియం ఉండటంవల్ల అది అణుశక్తి చట్టం కిందికి వస్తుంది. దాన్ని ఎరువు దృష్టితో ఎవరూ చూడరు. దాని సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

ఇప్పుడు అన్వేషణ ఎలా జరుగుతుందో చెప్తాను. మీ ఊరికి జీపు వచ్చినప్పుడు ఏ దశలో ఉన్నారో మీకే తెలియాలి. చట్టం ప్రకారం నాలుగు మెట్లు. జీ4, జీ3, జీ2, జీ1 అంటారు. జీ4 అంటే మనుషులు సుత్తి పట్టుకుని తిరగడం, గెడ్డల్లో ఇసక నమూనాలు తీయడం, అక్కడక్కడ చిన్న గుంటలు. అక్కడికక్కడ ఒక పరీక్ష చేస్తారు. రాతి పొడి మీద నత్రికామ్లం, అమ్మోనియం మాలిబ్డేటు ద్రావణం వేస్తే, భాస్వరం ఉంటే పసుపు రంగు తేలుతుంది. ఎంత ఉందో అది చెప్పదు, ఉందని మాత్రం చెప్తుంది. తర్వాత కందకాలు, తర్వాత దూరం దూరంగా బోర్లు, తర్వాత దగ్గర దగ్గరగా బోర్లు. నీళ్ల బోరు రాతిని పొడిచేసి పైకి ఊదేస్తుంది. ఈ బోరు అలా కాదు, రాతిని కడ్డీలా కోసి తెస్తుంది. దాన్ని కోర్ అంటాం. రేకు పెట్టెల్లో వరసగా పేర్చి, మీటరు మీటరుకీ రాసుకుని, సగం కోసి పరీక్షకి పంపిస్తారు, సగం దాస్తారు. ఆ దాచిన సగమే సాక్ష్యం. ఎవరు ఏ లెక్క చెప్పినా దాన్ని తీసి సరిచూడవచ్చు.

ఇదంతా డబ్బుతో పని. చాలా చోట్ల ఏమీ దొరక్కుండానే ఆగిపోతుంది. అందుకే ఒక్కరే పెట్టరు, ఇద్దరు కలుస్తారు. ఒకరి దగ్గర లైసెన్సు, భూమి మీద హక్కు ఉంటుంది. ఇంకొకరి దగ్గర డబ్బు, యంత్రాలు ఉంటాయి. మీరు పొలం పాలుకిచ్చినట్టే అనుకోండి. చేను ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది, పంటలో భాగం ఇంత అని మాట. తేడా ఎక్కడంటే, పాలు మాట ఆ ఏడాదితో ముగుస్తుంది. ఇక్కడ ఒప్పందం దశలవారీగా నడుస్తుంది. ఇంత ఖర్చు పెడితే ఇంత వాటా నీది, ఇంకో దశ పూర్తిచేస్తే ఇంకొంత అని రాసుకుంటారు. తర్వాత వచ్చిన సరుకు ఎవరు కొనాలి, ఏ ధరకి కొనాలి అనేది కూడా అప్పుడే రాసేస్తారు. అసలు లాభం చాలాసార్లు వాటాలో కాదు, ఈ కొనుగోలు షరతులో ఉంటుంది. గని రాకముందే, బోరు దిగకముందే, సరుకు ఎవరిదో తేలిపోయి ఉంటుంది.

(సభలోంచి ఒక రైతు: మరి ఆ కాగితంలో మేం ఎక్కడుంటాం బాబూ?)

మంచిమాట అడిగావు అన్నా. ఎక్కడా ఉండరు. అదే చెప్పడానికి వచ్చాను.

గని ఉన్న ఊళ్ల బాగు కోసం జిల్లా ఖనిజ నిధి అని ఉంది, 2015 చట్ట సవరణతో వచ్చింది. గని నడిచి ప్రభుత్వానికి రాయల్టీ కట్టడం మొదలయ్యాక అందులోకి డబ్బు వస్తుంది. వేలంలో పొందిన గనులకి రాయల్టీలో పదో వంతు, పాత గనులకి 30 శాతం. అన్వేషణ దశలో అందులో పైసా పడదు. 2023లో ఇంకో సవరణ వచ్చింది. అన్వేషణకే విడిగా లైసెన్సు ఇస్తారు. రాతి ఫాస్ఫేటు, ఆపటైటు ఆ జాబితాలో ఉన్నాయి. ఒక్కో లైసెన్సు వెయ్యి చదరపు కిలోమీటర్ల దాకా ఉండవచ్చు. వెతికినవాడు దొరికించాక ప్రభుత్వం ఆ చోటును వేలం వేస్తుంది, తవ్వేవాడు కట్టే సొమ్ములో వెతికినవాడికి వాటా పోతుంది. అంటే మీ ఊరికి బోరు బండితో వచ్చి మీతో నవ్వుతూ మాట్లాడినవాడు, రేపు తవ్వేవాడు ఒకరే కాకపోవచ్చు. మొదటివాడు నోటితో ఇచ్చిన మాటకి రెండోవాడు బాధ్యుడు కాడు.

అడవి సంగతి. 2023లోనే అటవీ చట్టం మార్చారు. సర్వే, అన్వేషణ లాంటి పనులను కేంద్రం తన ఉత్తర్వుతో, అడవిని వేరే పనికి మళ్లించినట్టు లెక్కించకుండా వదలవచ్చు. గిరిజనులుండే షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభ సిఫారసు తప్పనిసరి అని 1996 పెసా, అంటే షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టంలో ఉందని మన్యం యువకులు ధైర్యంగా చెప్తారు. ఆ సెక్షన్ మళ్లీ చదవండి తమ్ముళ్లూ. అది చిన్న తరహా ఖనిజాలకి రాసినది. ఆపటైటు ఆ తరగతిలో లేదు.

దీనికి ఎదురుగా మనకున్న గట్టి ఆసరా 1997 సమతా తీర్పు. అది ఎక్కడో ఢిల్లీ వ్యవహారం కాదు. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద మన వైపు గిరిజనుల తరఫున సమతా అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా సరే, గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి గని లీజు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ సంస్థ తవ్వచ్చు, గిరిజనుల సహకార సంఘం తవ్వచ్చు. తవ్విన లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం నీళ్లకి, బడికి, వైద్యానికి, రోడ్డుకి పెట్టాలని కూడా అన్నది. కాశీపట్నం లాంటి చోట ఉమ్మడి సంస్థ అనే మాట వినబడితే మీరు చెవి నిక్కించాల్సింది ఇక్కడే. పైన ప్రభుత్వ సంస్థ పేరు పెట్టి, కింద యంత్రాలు, అమ్మకం, లాభం అన్నీ భాగస్వామికి రాసిస్తే, అది తీర్పు దారిలో నడిచినట్టా, తీర్పుని దాటినట్టా? ఒప్పందం కాగితం చదవకుండా ఆ ప్రశ్నకి జవాబు దొరకదు.

ఉమ్మడి సంస్థలన్నీ మోసమని మాత్రం అనుకోకండి. నేను అలా అనుకోవడం లేదు. రెండు ఉదాహరణలు చెప్తాను.

పసిఫిక్ సముద్రంలో నౌరూ అని చిన్న దేశం. మొత్తం 21 చదరపు కిలోమీటర్ల దీవి. అక్కడ మేలురకం ఫాస్ఫేటు ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదటినుంచీ పరాయివాళ్లు తవ్వి తమ పొలాలకి తీసుకెళ్లారు. 1968లో స్వతంత్రం వచ్చేసరికి దీవి నడుమ చాలాభాగం రాతి మొనలు తప్ప మట్టి లేకుండా పోయింది. తవ్వి వదిలేసిన నేలను బాగుచెయ్యాలని అడగడానికి వాళ్లు 1989లో ఆస్ట్రేలియా మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లాల్సి వచ్చింది. 1993లో 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకి రాజీ అయింది. డబ్బు వచ్చింది, మట్టి రాలేదు. ఆ నౌరూతో మనకి చుట్టరికం ఉంది. పక్క రాష్ట్రంలో పారాదీప్ ఫాస్ఫేట్స్ ఉంది కదా, అది 1981లో భారత ప్రభుత్వం, నౌరూ కలిసి పెట్టిన ఉమ్మడి సంస్థ. ఫాస్ఫేటు అయిపోయాక కూడా దేశం బతకాలని వాళ్లు బయట పెట్టుకున్న పెట్టుబడుల్లో అదొకటి. తర్వాత వాళ్లు తప్పుకున్నారు. 2002లో మన ప్రభుత్వం ఎక్కువ వాటా అమ్మేసింది. ఇవాళ దాని యాజమాన్యంలో మొరాకో ప్రభుత్వ సంస్థ ఓసీపీకి కూడా వాటా ఉంది. రాయి ఉన్న దేశం ఎరువు చేసే చోట కూడా వాటా పెట్టుకుందన్నమాట.

రెండోది జోర్డాన్. మన ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో అక్కడి ఫాస్ఫేటు గనుల కంపెనీతో కలిసి ఎషిదియాలో ఉమ్మడి కర్మాగారం పెట్టింది. అది రాయి ఎత్తి ఓడలో పోసే వ్యాపారం కాదు. గని పక్కనే ఫాస్ఫారికామ్లం తయారవుతుంది, ఆమ్లంగా మన దేశానికి వస్తుంది. గంధకామ్లం తయారుచేసే పని, కర్మాగారం ఉద్యోగాలు, మరమ్మతులు, రవాణా, అన్నీ గని ఉన్న దేశంలోనే నిలిచాయి. మన దగ్గర ఫాస్ఫేటు దొరికిన రోజున మనం అడగాల్సిందీ ఇదే. రాయి లారీలెక్కి వెళ్లిపోతే మనకి మిగిలేది దుమ్ము, గుంత. శుద్ధి చేసే పని జిల్లాలో ఉంటే పని మిగులుతుంది. దాంతోపాటు బెడదా ఉంటుంది, అదీ దాచను. ఆమ్లంలో ఒక టన్ను భాస్వరానికి అయిదు టన్నుల దాకా ఫాస్ఫోజిప్సం అనే వ్యర్థం పుడుతుంది. అందులో కొద్దిగా రేడియో ధార్మికత ఉంటుంది. అది ఎక్కడ పోస్తారు, కింద ఏ పొర వేస్తారు, వాననీరు ఎటు పోతుంది అనేది మొదటి ప్రశ్నగా ఉండాలి.

(ఒక విద్యార్థిని: సార్, అన్వేషణలో మాకు ఉద్యోగాలు వస్తాయా?)

కొన్ని వస్తాయి తల్లీ, తక్కువే. బోరు బండి దగ్గర సహాయకులు, కోర్ పెట్టెలు రాసేవాళ్లు, నమూనాలు తూచేవాళ్లు. ఏడాదో రెండేళ్లో. జియాలజీ చదివితే ఎక్కువ కాలం. వందల ఉద్యోగాలని ఎవరైనా అన్వేషణ దశలోనే చెప్తే, వాళ్లు నీకు చెప్తున్నది ఇంకా దొరకని గని లెక్క. ఎస్.కోట దగ్గర బొడ్డవరలో అల్యూమినా కర్మాగారం పేరుతో భూములు తీసుకున్నారు. కర్మాగారం రాలేదు. భూమి ఇచ్చినవాళ్ల పిల్లలు నీ వయసువాళ్లే.

కాబట్టి మీ పంచాయతీలో తీర్మానం రాయించుకోవాల్సిన మాటలు చెప్తాను. సంస్థ మొదటి జీపు వచ్చినప్పుడే ఇవి చేతికివ్వండి. ఉమ్మడి ఒప్పందం ప్రతి, తెలుగులో, పంచాయతీ ఆఫీసులో ఉండాలి, ముఖ్యంగా సరుకు ఎవరు కొంటారనే షరతు. వేసిన ప్రతి బోరూ ఎక్కడ, ఎంత లోతు, ఏం దొరికింది అనేది పనయ్యాక ఊరికి చెప్పాలి, ఏమీ దొరక్కపోయినా చెప్పాలి. కోర్‌లో దాచిన సగం జిల్లాలోనే ఉండాలి. వెతికినవాడు ఇచ్చిన హామీ ఏదైనా సరే వేలం షరతుల్లో ఎక్కాలి, అప్పుడే తవ్వేవాడికీ అది వర్తిస్తుంది. బోరు గురించి ఒక్క మాట గట్టిగా అడగండి. పని అయ్యాక సిమెంటుతో అడుగునుంచి పైదాకా పూడ్చాలి. వదిలేస్తే పై పొర నీరు కింది పొరలోకి జారిపోతుంది, పక్క బావి ఎండుతుంది. పశువు కాలు పడుతుంది, పిల్లలు ఆడుకునే చోటైతే ఇంకా ప్రమాదం. పూడ్చారో లేదో ఫోటో తీసి, సర్వే నంబరుతో పంచాయతీలో దాఖలు చేయించండి. చేనులో పంట ఉండగా బండి దిగితే నష్టం ఎవరు కట్టిస్తారో దిగకముందే రాయించుకోండి.

(ఒక పెద్దాయన: అడిగితే వాళ్లు రారేమో?)

నిజంగా వెతికేవాడు వస్తాడు బాబాయ్. కోట్లు పెట్టేవాడికి ఊరి తీర్మానం బరువు కాదు, రేపు గొడవ లేకుండా పని సాగుతుందన్న భరోసా. రానివాడు రాయి కోసం వచ్చినవాడు కాదు. లైసెన్సు చేతపట్టుకుని దాన్ని ఇంకొకడికి అమ్ముకోవడానికి వచ్చినవాడు. ఆ తేడా మీకు మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

తీర్మానం భాష కుదరకపోతే సభ అయ్యాక నేను ఇక్కడే కూర్చుంటాను, కలిసి రాద్దాం. గర్భాం, కోడూరు వైపునుంచి వచ్చినవాళ్లు ఎవరైనా పాత గుట్టల మీది రాళ్లు తెచ్చి ఉంటే అవీ చూపించండి. మాలిబ్డేటు సీసా నా సంచిలో ఉంది.